నిషి కసాయిలో నాలుగు బటన్లు

టోక్యోకి తూర్పు అంచున, సముద్రానికి దగ్గరగా, ఎదొగావా వార్డులో ఉంటుంది నిషి కసాయి. మేమక్కడ ఇల్లు తీసుకున్నామని తెలిసి విజయవాడ నుంచి మా మేనత్త ఫోన్ చేసి, "ఇంకో పేరే దొరకలేదా వదినా, కసాయి ఏమిటి!" అంది అమ్మతో. ఆ పేరుకీ కత్తులకీ సంబంధం లేదు గానీ, మా చుట్టాల్లో ఆ నవ్వు చాలా కాలం నడిచింది.

2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయంతో జపాన్ కంపెనీలు మన ఇంజనీర్లను పిలిపించుకున్న రోజుల నుంచీ భారతీయులు ఆ పేటలో చేరుతూ వచ్చారు. కారణాలు చాలా మామూలువి. తోజాయి లైను ఎక్కితే ఆఫీసులుండే ఓతెమాచికి రైలు మారకుండా వెళ్లొచ్చు. యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లు అక్కడ బోలెడు. వాటిలో ఉండాలంటే పూచీ సంతకం పెట్టే జపనీయుడు అక్కర్లేదు, ఇంటి ఓనరుకి తిరిగిరాని కానుక సొమ్ము ముట్టజెప్పక్కర్లేదు. పరాయి దేశం నుంచి సూట్‌కేసులతో దిగినవాడికి అంతకన్నా ఏం కావాలి! 2008లో మేం వెళ్లేసరికి లిఫ్టులో తెలుగు వినబడేది. స్టేషను దగ్గర కందిపప్పు, కరివేపాకు దొరికేవి. నాకు ఏడేళ్లు, అన్నయ్యకు పన్నెండు. నాన్న ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనిలో పొద్దున్న వెళ్లి రాత్రి వచ్చేవాడు. విజయవాడలో ఎమ్మే తెలుగు చదివిన అమ్మ, శనివారాల్లో నలుగురైదుగురు పిల్లల్ని కూచోబెట్టి గుణింతాలు దిద్దించేది.

అక్కడ రైలు భూమి కింద కాదు, స్తంభాల మీద పోతుంది. పట్టాల కింద దుకాణాలు. రైలు వెళ్లినప్పుడల్లా రొట్టెల కొట్టు గాజు అద్దం సన్నగా వణికేది. ఆదివారాల్లో గ్యోసెన్ పార్కుకి వెళ్లేవాళ్లం. అందులో చిన్న జంతువుల పార్కు ఒకటి, టికెట్ లేనిది. చీమిడి ముక్కులతో జపాన్ పిల్లలూ మేమూ అక్కడి మేకపిల్లల వెంట పడేవాళ్లం. పార్కు నుంచి తిరిగొచ్చే దారిలో, మెట్లెక్కితే గేమ్ సెంటర్. దాని చప్పుడు వీధి మలుపు దాకా వినబడేది.

హత్సునె మికు మా ఇంట్లోకి వచ్చింది మాత్రం అన్నయ్య జేబులోంచి. తోజాయి లైన్లో కయబాచో దాకా పోయి హిబియా లైనుకి మారితే మూడో స్టేషను అకిహబారా. అక్కడ ఒక పాత సామాన్ల షాపులో పీఎస్పీ అనే, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం కొన్నాడు. దానితో పాటు ఒక డిస్కు. 2009 జులై 2న సెగా కంపెనీ విడుదల చేసిన 'ప్రాజెక్ట్ డీవా'. అట్ట మీద చీలమండల దాకా వేలాడే నీలిపచ్చ జడలు రెండు, వాటి మధ్య ఒక అమ్మాయి.

ఆమె ఎవరో తెలియని పాఠకులకు రెండు మాటలు. మికు సినిమాలోంచో కథలోంచో వచ్చిన పాత్ర కాదు. ఒక సాఫ్ట్‌వేర్. సప్పొరోలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా 2007 ఆగస్టు 31న అమ్మకానికి పెట్టింది. యమహా వాళ్ల వొకలాయిడ్ అనే యంత్రాంగం మీద నడుస్తుంది. సకి ఫుజితా అనే నటి చేత ధ్వనులు పలికించి, వాటిని ముక్కలుగా దాచిపెట్టారు. స్వరం, మాట మనం టైపు చేసి ఇస్తే ఆ ముక్కల్ని అతికించి పాడుతుంది. డబ్బా మీద వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు అని రాశారు, అంతే కథ. మిగతాదంతా కొన్నవాళ్లు కల్పించుకున్నది. కాలేజీ కుర్రాళ్లు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు గదుల్లో కూచుని పాటలు కట్టి నికొ నికొ దోగా అనే వీడియో సైటులో పెట్టారు. వాటిలో జనం మెచ్చినవి ఏరి సెగా ఆట చేసింది. కంపెనీ పాటలు రాయించి జనం మీదికి వదలడం మనకు తెలుసు. ఇక్కడ జనం పాటలు కంపెనీ దగ్గరికి నడిచి వెళ్లాయి.

ఆట తీరు చెప్పడం సులువు, ఆడటం కాదు. తెర మీద ఎక్కడో ఒకచోట త్రికోణం, చదరం, ఇంటూ, సున్నా గుర్తుల్లో ఒకదాని ఖాళీ నీడ కనబడుతుంది. దాని మీద గడియారం ముల్లులాంటిది ఒకటి తిరుగుతుంటుంది. బయటినుంచి అదే గుర్తు రంగుతో ఎగురుకుంటూ వస్తుంది. నీడలో కూచున్న క్షణాన బటన్ నొక్కాలి. వెనక మికు ఆడుతూ పాడుతుంటుంది. గుర్తుల వెంట పరిగెత్తే కళ్లకు ఆ డాన్సు కనబడదు. పక్కన కూచుని చూసేవాళ్లకే ఆ భాగ్యం. మొదటి ఏడాదంతా చూసేదాన్ని నేనే.

చూస్తూ నేను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఈ ఆటలో బటన్ తాళానికి పడదు, గొంతుకి పడుతుంది. డోలు, గిటారు తమ మానాన తాము పోతుంటాయి. మికు పలికే ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దెబ్బ. తెర అడుగున పాట మాటలు జపాన్ లిపిలో నడుస్తుంటాయి. స్కూల్లో నాకు ఒంటబట్టని భాష, అన్నయ్య బొటనవేళ్ల టకటకలో ముక్కలు ముక్కలుగా విడిపోయి వినబడేది. ఎక్కడ మాట ఆగుతోంది, ఎక్కడ సాగుతోంది తెలిసేది. అర్థాలు తర్వాతెప్పుడో వచ్చాయి.

ఒక సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఈ టకటక విని, "ఏమిట్రా అది, మాత్రలు లెక్కపెడుతున్నావా?" అంది. ఆమెకు ఆట ఎక్కలేదు, లెక్క ఎక్కింది. జపాన్ భాషలో బడిని గక్కో అంటారు. దాన్ని గ, క్, కొ, ఒ అని నాలుగు దెబ్బలుగా లెక్కపెట్టాలని మా టీచరు చప్పట్లు కొట్టి నేర్పింది. అమ్మ కాగితం తీసి మన పద్ధతిలో గణాలు విడగొట్టినట్టు గుర్తులు పెట్టింది. ద్విత్వం ముందున్న 'గ' గురువు. దీర్ఘం ఉన్న 'క్కో' గురువు. రెండు గురువులు, నాలుగు మాత్రలు. టోక్యో రాసింది: మళ్లీ నాలుగు. నిప్పోన్ రాసింది: నాలుగే. ఆ తర్వాత ఆమె జపాన్ భాష నేర్చుకున్న వేగం చూసి నాన్న నోరెళ్లబెట్టాడు.

కానీ అమ్మకు ఆ ఆట మీద ఒక ఫిర్యాదు మిగిలిపోయింది. "గురువుకీ లఘువుకీ ఒకటే పోటా?" అని. నిజమే. మొదటి 'డీవా'లో ఉన్నది పోటు ఒక్కటే. మికు ఒక అక్షరాన్ని బారెడు సాగదీసినా, మొదట్లో ఒకసారి నొక్కి తర్వాత వేళ్లు ముడుచుకుని కూచోవడమే. సాగే పాటల్లో ఆ ఖాళీ బాగా తెలిసేది.

ఆ డిస్కులోనే ఎడిట్ మోడ్ అని ఒక గది ఉండేది. మెమరీ స్టిక్‌లో మన ఎంపీ3 పాట పెట్టుకుని, గుర్తులు మనమే పేర్చుకుని, మికు చేత ఆడించుకోవచ్చు. ఆ వేసవిలోనే 'మగధీర' విడుదలైంది. విజయవాడ నుంచి వచ్చిన సీడీలోంచి అన్నయ్య ఒక పాట ఎత్తి అందులో పెట్టాడు. రాత్రుళ్లు దుప్పటి కింద అక్షరానికొక గుర్తు చొప్పున పేర్చాడు. కీరవాణి పాటకు నీలిపచ్చ జడల పిల్ల అడుగులేస్తుంటే మా శనివారం తెలుగు బడి మొత్తం ఆ చిన్న తెర చుట్టూ మూగింది. పెదాలు కలవలేదనుకోండి. మన డబ్బింగ్ సినిమాలు చూసినవాళ్లకు అదొక లోపమా?

2010 జూన్ 23న ఇదే ఆటకు గేమ్ సెంటర్లలో ఆడే ఆర్కేడ్ మెషీన్లు వచ్చాయి. మా పేట గేమ్ సెంటర్లోకి ఎప్పుడు దిగాయో గుర్తులేదు గానీ, దిగినప్పటి నుంచి ఆదివారాలు మేకపిల్లలకు దక్కలేదు.

పెద్ద తెర, దాని ముందు వంగిన బల్ల, బల్ల మీద అరచేతంత బటన్లు నాలుగు. ఎడమ నుంచి ఆకుపచ్చ త్రికోణం, గులాబీ చదరం, నీలం ఇంటూ, ఎర్ర సున్నా. పీఎస్పీలో బొటనవేళ్లు చేసే పని ఇక్కడ మోచేతుల నుంచి కింద ఉన్నదంతా చెయ్యాలి. తెల్ల నూలు గ్లౌజులు తెచ్చుకుని మరీ తొడుక్కునే అన్నలుండేవారు. టై కట్టుకుని ఆఫీసు బ్యాగు నేల మీద పెట్టి ఆడేవాళ్లూ ఉండేవారు. 100 యెన్‌ల నాణెం వేస్తే ఆట. వెనక ఎవరైనా నిలబడి ఉంటే, తన వంతు అవగానే ఎంత మొనగాడైనా పక్కకు తప్పుకుని వరుస చివరికి పోవాల్సిందే. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ గదమాయించరు. ఆ క్రమశిక్షణ చూసి నాన్న ముచ్చటపడేవాడు, నాణేలు ఇవ్వడానికి మాత్రం ముచ్చటపడేవాడు కాదు.

జనం మూగేది 'హత్సునె మికు నో షోషిత్సు' పెట్టినప్పుడు. కాస్మో అనే పేరుతో పాటలు కట్టే ఆయన రచన. మనిషి ఊపిరికి అందని వేగంతో మాటలు కురుస్తాయి. పాడేది యంత్రం కనక దానికి ఊపిరితో పనిలేదు. కానీ నొక్కేవాడు మనిషే. ఒక ఆఫీసు ఆయన, నలభై దాటి ఉంటాయి, ఆ పాట ఆడుతుంటే చేతులు కనబడేవి కావు, చొక్కా వీపు తడిసిపోవడం కనబడేది. ప్రాణం గీత ఖాళీ అయితే పాట మధ్యలోనే మెషీను ఆపేస్తుంది. ఆయనకు ఒకసారి పాట తుది అంచుల్లో అలా ఆగిపోయింది. ఆయన మెషీనుకి చిన్నగా తల వంచి నమస్కారం పెట్టి పోయాడు. ఓడించినదానికి నమస్కారం పెట్టడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రం 6 కాగానే మైకులో ప్రకటన వచ్చేది. 16 ఏళ్లు నిండనివాళ్లు బయటికి వెళ్లాలి. అప్పటి చట్టం అది. అన్నయ్య తనకు మీసం మొలకెత్తుతోందని నాలుగు నిమిషాలు ఎక్కువ నిలబడే ప్రయత్నం చేసేవాడు. ఆప్రాన్ కట్టుకున్న ఆవిడ వచ్చి చిరునవ్వుతో గడియారం చూపించేది.

ఆర్కేడ్ మెషీన్లు వచ్చిన మరుసటి నెల, జులై 29న, పీఎస్పీకి 'ప్రాజెక్ట్ డీవా 2nd' వచ్చింది. అమ్మ ఫిర్యాదు సెగా దాకా వినబడిందా అనిపించేట్టు, అందులో గురువులు వచ్చేశాయి. హోల్డ్ నోట్ అంటారు. గుర్తుకి తోక ఉంటుంది. అది వచ్చినప్పుడు నొక్కి, అక్షరం సాగినంతసేపూ పట్టుకుని, తోక కొస వచ్చిన క్షణాన వదలాలి. నొక్కడం ఒక పరీక్ష, వదలడం ఇంకో పరీక్ష. దీర్ఘానికి మొదలే కాదు, తుది కూడా ఉందని వేలికి తెలియజెప్పే ఏర్పాటు. పైగా బాణం గుర్తులు: ఎడమ చేతి దిక్కు మీట, కుడి చేతి బటన్ ఒకేసారి నొక్కాలి. మికు గొంతు పెంచిన చోటో, రెండు గొంతులు కలిసిన చోటో అవి పడేవి. లఘువు, గురువు, ఊనిక. పాడే గొంతుకి ఇంకేం ఉంటాయి? నా మటుకు నాకు ఈ వరుస మొత్తంలో ఇదే ఉత్తమమైన ఆట. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు కాబట్టి అలా అనిపిస్తోందని అన్నయ్య ఎద్దేవా చేస్తాడు. కొంత నిజం ఉండొచ్చు. అయినా 'ఉరా ఒమోతె లవర్స్' పాటను 2nd లో ఆడి చూడమంటాను. వొవాకా కట్టిన పాట. ఊపిరి సలపకుండా లఘువుల వాన కురిసి, ఎక్కడో ఒకచోట గొంతు ఆగి నిలబడుతుంది. అక్కడ వేలు కూడా నిలబడాలి. ఆ నిలబడటంలో ఉన్న సుఖం మెషీను మీద దొరకదు.

ఎందుకు దొరకదో చెప్పాలి. ఆర్కేడ్‌లోనూ హోల్డ్ ఉంది, పేరు ఒకటే, పని వేరు. అక్కడ ఒక బటన్ పట్టుకుని ఉంటే, మిగతా వేళ్లు మిగతావి కొడుతుంటే, మార్కులు అదనంగా చేరుతుంటాయి. వదిలేసినా పాట ఏమీ అనదు, నష్టపోయేది ఆ అదనం ఒక్కటే. అది గొంతుకి సంబంధించింది కాదు, లెక్కకు సంబంధించింది. పోటీకి అది గొప్ప ఏర్పాటే. నాలుగు వేళ్లు నాలుగు దారుల్లో పోతుంటే చూడటానికీ అందం. కానీ పాట వినడానికి పనికొచ్చే ఏర్పాటు కాదు.

2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. బల్లల కిందికి దూరాం. ఎదొగావా వార్డు పక్కనే, నది దాటితే ఉరయాసు. అక్కడ సముద్రం పూడ్చి వేసిన నేల బురదై పైకి పొంగింది. మా ఫ్లాట్లో గిన్నెలు తప్ప ఏమీ పగల్లేదు. ఫుకుషిమా వార్తలు మొదలయ్యాక నిషి కసాయి లిఫ్టుల్లో తెలుగు ఆగిపోయింది. విమానాల్లో చోటు దొరికినవాళ్లు దొరికినట్టు ఆడవాళ్లనీ పిల్లల్నీ ఇంటికి పంపేశారు. నాన్న ఉండిపోయాడు, మేం విజయవాడ చేరాం. మేనత్త ఇంట్లో, కరెంటు పోయే మధ్యాహ్నాల్లో, పీఎస్పీ చార్జింగ్ ఉన్నంతసేపూ 2nd. నాన్నకు ఫోన్ కలవక అమ్మ గుమ్మంలో తిరుగుతుంటే, అన్నయ్య వాల్యూమ్ పూర్తిగా తీసేసి ఆడేవాడు. చప్పుడు లేకుండానే అన్నీ సరిగ్గా పడుతుండేవి. పాట వేళ్లలోకి దిగిపోయిందని అప్పుడే తెలిసింది.

స్కూళ్లు మొదలయ్యాక వెనక్కి వెళ్లాం. కొన్ని కుటుంబాలు రాలేదు. శనివారం బడిలో పిల్లలు తగ్గారు.

తర్వాతి ఆటల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో చాలా మటుకు ఇతరుల ఇళ్లలో ఆడినవే. 2011 నవంబర్లో పీఎస్పీకి 'ఎక్స్‌టెండ్' వచ్చింది, 2nd కే పొడిగింపు. 2012 మార్చిలో నింటెండో 3డీఎస్‌కి 'ప్రాజెక్ట్ మిరాయ్'. అందులో మికు పెద్ద తల, బుల్లి కాళ్లతో నెండొరాయిడ్ బొమ్మలా ఉంటుంది. గుర్తులు తెరంతా ఎగరవు, ఒక గీత వెంట బుద్ధిగా నడుస్తాయి. నా క్లాసులో పక్క బెంచీ అమ్మాయి దగ్గర ఉండేది. గుర్తుల కోసం కళ్లు వెతుక్కోనక్కర్లేదు కనక డాన్సు కూడా చూడొచ్చు. చిన్నపిల్లల ఆట అని అన్నయ్య దాన్ని ముట్టుకోలేదు. నాకు నచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో పీఎస్ వీటాకి 'f', మరుసటి మార్చిలో పీఎస్3కి పెద్ద అక్షరం 'F'. బొమ్మలు ఒక్కసారిగా నునుపు తేరాయి. జుట్టు జుట్టులా ఊగింది. 'సెన్‌బొన్‌జాకురా' అందులో చూసినవాడు ఆ ఎర్రటి మెరుపు మర్చిపోడు. కొత్తగా చుక్క గుర్తు వచ్చింది. వీటాలో అయితే తెరను వేలితో గీకాలి, పీఎస్3లో అయితే పుల్లను ఒకవైపుకి విదిలించాలి. అన్నయ్యకు ఇదే శిఖరం. వాడి స్నేహితుడి ఇంట్లో తతామి చాప మీద బోర్లా పడుకుని ఆడేవాడు. నాకు ఆ చుక్క కంట్లో నలుసు. అది పడేది అక్షరం మీద కాదు, తాళం గల్లుమన్న చోట, లేదా తెర మీద ఏదో మెరిసిన చోట. పాట పాడుతున్న చెయ్యి అక్కడ పాట వదిలేసి సలాం కొట్టాలి. 2014 మార్చిలో వచ్చిన 'F 2nd' లో ఆ చుక్కలు గొలుసులు కట్టి మరీ వచ్చాయి. ఆర్కేడ్ కూడా ఆ దారే పట్టింది. 2013 నవంబర్లో 'ఫ్యూచర్ టోన్' అని కొత్త పేరుతో, బటన్ల పైన వేళ్లతో పామే వెలుతురు పట్టీ వేశారు. గ్లౌజుల అన్నలకు పండగ.

2014 వసంతంలో నాన్న ప్రాజెక్టు అయిపోయింది. హైదరాబాద్ వచ్చేశాం.

ఇక్కడి నుంచి చూస్తే వరుస రెండు పాయలుగా చీలినట్టు కనబడుతుంది. పీఎస్పీతో మొదలైన పాయ 2016లో 'X' తో ఆగిపోయింది. ముప్ఫై పాటలు, మేఘాల కథ, గబగబా కొట్టే గుర్తులు. దాని గురించి అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆర్కేడ్ పాయ మాత్రం ఇళ్లలోకి పారింది. 2016లో 'ఫ్యూచర్ టోన్' రెండు వందలు దాటిన పాటలతో పీఎస్4కి, 2020 ఫిబ్రవరిలో 'మెగా మిక్స్' నింటెండో స్విచ్‌కి, 2022 మేలో 'మెగా మిక్స్ ప్లస్' మామూలు కంప్యూటర్‌కి. చివరిదాన్ని కొండాపూర్ ఫ్లాట్లో కీబోర్డు మీద నేనూ ఆడుతున్నాను. పాత ఆర్కేడ్ బొమ్మల తీరు కావాలా, కార్టూన్ రంగుల కొత్త తీరు కావాలా ఎంచుకోవచ్చు. నేను పాతదే పెట్టుకుంటాను. తళతళ తక్కువ, మొహాల్లో ప్రాణం ఎక్కువ. అంత పాటల రాశి ఒకచోట దొరకడం చిన్న సంగతి కాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది దాని పేరే.

అన్నయ్య ఇప్పుడు నగోయాలో ఉద్యోగం చేస్తున్నాడు. చిన్నప్పటి జపాన్ భాష వాడికి అన్నం పెట్టింది. సెగా తన గేమ్ సెంటర్ల వ్యాపారం అమ్మేసిందనీ, ఎర్రబోర్డుల మీద గిగో అని పేరు మారిందనీ ఫోటోలు పంపాడు. ఫోన్లో ఇప్పటికీ 'F' గొప్పదా '2nd' గొప్పదా అని వాదించుకుంటాం. అమ్మ పక్కనుంచి, "సాగే అక్షరాన్ని పట్టుకునేది ఏదో అదే" అని తీర్పిస్తుంది. ఆమె ఏనాడూ ఆ బటన్ నొక్కలేదు.

చిక్కు ఏమిటంటే, ఆ హోల్డ్, గొంతు ఆగినప్పుడు వేలు వదిలే ఆ హోల్డ్, 'మెగా మిక్స్ ప్లస్'లో లేదు. ఆ ఆట ఆర్కేడ్ బిడ్డ. 2nd ని జపాన్ దాటించి అమెరికా, యూరప్‌లలో సెగా విడుదల చెయ్యలేదు. మా దగ్గరున్నది ఆడాలంటే ఆ డిస్కు ఉండాలి, పీఎస్పీ ఉండాలి. సామాన్లు సర్దుకున్నప్పుడు డిస్కు నా పెట్టెలో పడింది, పీఎస్పీ వాడి పెట్టెలో పడింది. పీఎస్పీ పంపరా అంటే, డిస్కు పంపు ముందు అంటాడు. కొత్త బ్యాటరీ కూడా వేయించాడట. నేను పంపను.